దిగులు ముదరకముందే గుర్తించండి

మిరప ఆకు ముడుచుకుంటే పల్నాడు రైతు అప్పుడే ఆకు తిరగేసి చూస్తాడు. ఇంట్లో మనిషి పది రోజులుగా అన్నం సరిగా తినకపోతే మాత్రం 'అప్పుల దిగులు, అదే పోతుందిలే' అని ఊరుకుంటాం. ఆ దిగులుకూ లక్షణాలున్నాయి, చికిత్స ఉంది.

2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను పాడుచేసింది. పెట్టుబడితోపాటు కౌలు కూడా మీదపడింది. అలాంటప్పుడు బాధ కలగడం జబ్బు కాదు. పంట పోయినా, అయినవాళ్లు పోయినా ఏడుపు రావడం, నిద్ర పట్టకపోవడం సహజం. నలుగురితో చెప్పుకుంటే చాలామందికి రోజులు గడిచేకొద్దీ తగ్గుతుంది.

జబ్బు అని ఎప్పుడు అనుమానించాలి?

దిగులు రెండు వారాలు దాటినా వదలకపోవడం, దేని మీదా మనసు పోకపోవడం, తెల్లవారుజామునే మెలకువ రావడం, ఆకలి మందగించడం, 'నేనెందుకూ పనికిరాను' అనుకోవడం డిప్రెషన్ లక్షణాలు. కొందరిలో గుండెదడ, తలనొప్పి, ఒళ్లు నొప్పులుగానూ బయటపడుతుంది. సారా, బ్రాందీ తాగితే దిగులు తగ్గదు, పెరుగుతుంది.

ఎవరికి చూపించాలి?

ముందుగా దగ్గర్లోని ప్రభుత్వ డాక్టరుకు నిద్ర సంగతి, మనసులో సంగతి దాచకుండా చెప్పండి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మందులు గుణం చూపడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. డాక్టరు చెప్పకుండా మానవద్దు. కదల్లేకపోతే 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన ఈ టెలి మానస్ సేవ ఉచితం. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇంటివాళ్లు ఏం చేయాలి?

'నేను లేకపోతే మీరు సుఖపడతారు' అన్న మాట వింటే తేలిగ్గా తీసుకోవద్దు. 'చచ్చిపోవాలనిపిస్తోందా?' అని నెమ్మదిగా, నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. మనిషిని ఒంటరిగా వదలొద్దు. మిగిలిన పురుగుమందును పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి వేరొకరి దగ్గర ఉంచండి. ఆ గడ్డు గడియ దాటితే చాలామంది బతకాలనే కోరుకుంటారు. జరగరానిది జరిగితే నాటువైద్యంతో పొద్దుపుచ్చకుండా 108కి ఫోన్ చేయండి. పోలీసు కేసవుతుందని వెనకాడవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ మనిషిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాడిగానే చూడమంటుంది, శిక్షించమనదు.

మందుబిళ్ల అప్పు తీర్చదు, నిజమే. కానీ కంటినిండా నిద్రపట్టిన రైతుకు బ్యాంకు మేనేజరుతోనో, అప్పిచ్చిన షావుకారుతోనో కూర్చుని గడువు అడిగే ఓపిక వస్తుంది. ముందు మనిషి నిలవాలి. అప్పు సంగతి ఆ తర్వాత ఇంటిల్లిపాదీ కలిసి చూసుకోవచ్చు.