ముందు లాగ్ తెరవండి

నెల సగం కూడా గడవలేదు. మీ వెబ్‌సైట్ తెరిస్తే '509 బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఎక్సీడెడ్' అని వచ్చింది. కంగారులో చాలామంది వెంటనే పెద్ద హోస్టింగ్ ప్లాన్ కొనేస్తారు. కారణం పట్టుకోకుండా కొంటే వచ్చే నెల అదీ చాలదు.

ఇలాంటప్పుడు అక్కరకొచ్చేది ఊహలు కట్టిపెట్టి ఉన్నదున్నట్టు చూసే అలవాటు. మీ హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్ సీప్యానెల్ అయి, అందులో సైటు గణాంకాలు చూపే ఏడబ్ల్యూస్టాట్స్ ఉంటే అక్కడ చూడండి, లేదంటే యాక్సెస్ లాగ్ దించుకోండి. ఎవరు అడిగారు, ఎప్పుడు, ఏ ఫైలు, ఎన్ని బైట్లు వెళ్లాయి అన్నీ వరుసవారీగా ఉంటాయి. ఎన్నిసార్లు తెరిచారన్న లెక్క పక్కన పెట్టి, బైట్ల ప్రకారం ఫైళ్లను పేర్చండి. అసలు దొంగ అప్పుడు దొరుకుతాడు. ఫోన్‌లో తీసిన 4 ఎంబీ ఫొటోని అలాగే ఎక్కించారనుకోండి, వెయ్యిసార్లు తెరిస్తే 4 జీబీ ఖర్చు. అదే ఫొటో 200 కేబీకి కుదిస్తే 200 ఎంబీతో సరి. చూసేవాళ్ల కంటికి తేడా పెద్దగా తెలియదు.

లాగ్‌లో రిఫరర్ దగ్గర, అంటే ఏ పేజీ నుంచి అడిగారో చెప్పే చోట, పరాయి సైటు పేరు పదేపదే కనిపిస్తోందా? మీ బొమ్మను వాళ్ల పేజీలో నేరుగా మీ సర్వర్ నుంచే చూపిస్తున్నారేమో వెళ్లి చూడండి. అదే అయితే హాట్‌లింక్ ప్రొటెక్షన్ పెట్టండి. కోపం కొద్దీ ఆ బొమ్మ స్థానంలో అసహ్యమైనది పెట్టేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, అది చూసేది ఏ పాపం ఎరుగని పాఠకులు.

ఇక బాట్లు, అంటే పేజీలను వాటంతటవే తెరిచే ప్రోగ్రామ్‌లు. అవీ బైట్లు తింటాయి. ఏ పేజీల జోలికి రావద్దో వాటికి చెప్పుకోవడానికి రోబోట్స్.టీఎక్స్‌టీ అనే ఫైలు ఉంది. 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించిన పద్ధతి అది. అయితే అది విన్నపమే తప్ప తాళం కాదు. మాట వినే బాట్ ఆగుతుంది, విననిదాన్ని సర్వర్‌లోనో సీడీఎన్‌లోనో అడ్డుకోవాలి. గూగుల్‌బాట్ అని పేరు పెట్టుకుని వచ్చిందంతా గూగుల్‌ది కాదు. దాని ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ చూసి, వచ్చిన పేరు గూగుల్‌దేనా, మళ్లీ అదే ఐపీకి చేరుతుందా అని సరిచూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఇక్కడ తొందరపడి నిజమైన గూగుల్‌బాట్‌ను ఆపేస్తే సెర్చ్‌లో మీ సైటు కనుమరుగయ్యే ప్రమాదం ఉంది.

తప్పు ఎక్కడుందో తెలియగానే అన్నీ ఒకేసారి మార్చేయాలనిపిస్తుంది. ఓపిక పట్టండి. ఒక్కటే మార్చండి, రెండు మూడు రోజులు ఆగండి, అదే ఫైలుకు బైట్లు తగ్గాయో లేదో లాగ్‌లో చూసుకుని రెండోదాని జోలికి వెళ్లండి. ఏ మార్పు ఎప్పుడు చేశారో తేదీతో సహా రాసిపెట్టుకోండి.