నీకు తెలీదులే అమ్మా!

చెల్లీ, ఒక్క మాట అడుగుతాను, నొచ్చుకోకు. స్టాండప్ కాల్ నడుస్తుండగా అమ్మ గదిలోకొచ్చి "తిన్నావా?" అంటే మన నోట ఏమొస్తుంది? "అబ్బా, ఇప్పుడా!" ఫోన్‌లో ఏదో నొక్కడం రాక మామయ్యగారు మళ్లీ అడిగితే? "పొద్దున్నే చెప్పాను కదండీ!" ఇక "నీకు తెలీదులే అమ్మా" సంగతి సరేసరి. కొండాపూర్, నల్లగండ్ల, మియాపూర్... ఏ అపార్ట్‌మెంట్లో విన్నా ఇవే మాటలు. మనం వీటిని తిట్లలో లెక్కెయ్యం.

హాంకాంగ్‌లో కాంటనీస్ మాట్లాడే తల్లులకి ఓ నానుడి ఉంది: నిన్ను కనేకంటే చార్ సియూని, అంటే కాల్చిన పందిమాంసం ముక్కని, కనడమే నయమని. మన వేమన అయితే కన్నవాళ్ల మీద దయలేని కొడుకుని పుట్టలో చెదలతో సమానం చేశాడు. ఆ హాంకాంగ్ తల్లులకి తిట్టే చొరవైనా ఉంది. మన పిల్లల్ని సాకడానికి ఊరూ వాకిలీ వదిలి పదో అంతస్తుకి వచ్చినవాళ్లకి అదీ లేదు. ఊళ్లో అయితే కోపమొస్తే పక్కింటి అరుగుమీద కాసేపు కూర్చునేవారు. ఇక్కడ అలిగి ఎక్కడికి వెళ్తారు? మాట మింగేస్తారు. మనమేమో "బాగానే అలవాటుపడ్డారు" అనుకుంటాం. నాకు కడుపు తరుక్కుపోయేది అక్కడే.

"డబ్బుకి లోటు చెయ్యట్లేదుగా అక్కా" అంటావు. నిజమే. మన 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కూడా ప్రధానంగా పోషణే అడుగుతుంది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కి దరఖాస్తు పెట్టుకోవచ్చు, నెలకి 10,000 రూపాయల దాకా ఇప్పిస్తారు. చైనా ఇంకో అడుగు వేసి, దూరాన ఉన్న పిల్లలు తరచూ వచ్చి చూసిపోవాలనో, పలకరించాలనో 2013లో అమల్లోకొచ్చిన చట్టంలోనే రాసింది. పక్కగదిలో ఉన్నవాళ్లతో ఎలా మాట్లాడాలో మాత్రం ఎవరూ రాయలేదు. కాల్‌లో ఉంటే "పది నిమిషాలాగమ్మా, వస్తా" అను. అని, వెళ్లు. వెళ్లకపోతే ఆ మాటకీ విసుగుకీ తేడా ఉండదు.

ఇంకో సంగతి. మీ టవర్‌లో ఏ పెద్దావిడైనా కష్టంలో ఉందని తెలిస్తే 14567 ఎల్డర్ లైన్ నంబర్ చెప్పు, ఉచితం. తమని చూసుకోవాలన్న షరతుతో ఇల్లు కొడుకు పేర రాసి ఉంటే, అతను చూడనప్పుడు మన 2007 చట్టంలోని 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజుని రద్దు చేయించుకోవచ్చు. అందుకే రాసిచ్చేటప్పుడే ఆ షరతు కాగితం మీద పెట్టించమను. మీ అమ్మానాన్నలకీ చెప్పు.