పాత్ర బోర్లించిన సంఘం: మౌన తిరస్కారంపై ధమ్మ పాఠం



మన వాడల్లో ‘వెలి’ అనే మాట తెలియని ఇల్లు ఉండదు. కూలి పెంచమని అడిగినా, పెళ్లి ఊరేగింపును ఊరి బజారులోంచి తీసుకెళ్లినా, బాబాసాహెబ్ విగ్రహం పెట్టుకుంటామన్నా మొదట పడే దెబ్బ అదే. పనికి పిలవరు. కొట్లో సరుకు ఇవ్వరు. నీళ్లు ఆపేస్తారు. అందుకే బహిష్కరణ అన్న మాట వింటేనే మనకు ఒళ్లు మండుతుంది.

మరి మన ధమ్మంలో కూడా ఒక బహిష్కరణ ఉందంటే ఏమంటారు? బుద్ధ భగవానుడే సంఘానికి ఇచ్చిన పద్ధతి అది. దాని పేరు పత్తనిక్కుజ్జన కమ్మ, అంటే భిక్షాపాత్రను బోర్లించడం. ఊరి వెలికీ దీనికీ తేడా ఏమిటో తెలుసుకోవడమే ఈ పాఠం.

వడ్ఢుడి కథ

వినయ పిటకంలోని చుల్లవగ్గలో ఈ సంగతి ఉంది. దబ్బ మల్లపుత్తుడనే భిక్షువు సంఘంలో బస, భోజనాల ఏర్పాట్లు చూసేవాడు. ఆయనంటే గిట్టని కొందరు భిక్షువులు వడ్ఢుడనే లిచ్ఛవిని ఉసిగొల్పారు. లిచ్ఛవులంటే వైశాలిని ఏలినవాళ్లు. దబ్బుడు తన భార్యను చెరిచాడని వడ్ఢుడు బుద్ధుని ఎదుటే అబద్ధపు నింద వేశాడు.

భగవానుడు సంఘాన్ని కూర్చి, అందరి ముందూ దబ్బుణ్ణి అడిగాడు. నింద నిలవలేదు. అప్పుడు వడ్ఢుణ్ణి శపించలేదు, కొట్టించలేదు. సంఘం అతని విషయంలో పాత్ర బోర్లించాలని, అంటే ఇకపై అతని దానం పుచ్చుకోకూడదని నిర్ణయించాడు.

ఆనందుడు వెళ్లి ఆ మాట చెప్పగానే వడ్ఢుడు స్పృహ తప్పి పడిపోయాడు! తర్వాత భార్యాబిడ్డలతో, తడి బట్టలతో, తడి జుట్టుతో వచ్చి బుద్ధుని పాదాల మీద వాలి తప్పు ఒప్పుకున్నాడు. భగవానుడు ఆ ఒప్పుకోలును స్వీకరించాడు. సంఘం మళ్లీ కూడి, బోర్లించిన పాత్రను నిలబెట్టింది.

ఒక్కసారి ఆలోచించండి. వడ్ఢుడికి ఆస్తి పోలేదు, పదవి పోలేదు. మరి ఎందుకు కూలిపోయాడు? ఇచ్చేవాడు గొప్ప, పుచ్చుకునేవాడు తక్కువ అని లోకం అనుకుంటుంది. కానీ పుచ్చుకునేవాడు ‘వద్దు’ అంటే, ఇచ్చేవాడి గొప్పతనం నిలబడటానికి చోటే ఉండదు. అధికారం మన తలవంపు మీద, మన చాచిన చేతి మీద నిలబడుతుంది. చెయ్యి వెనక్కి తీసుకుంటే చాలు, దానికి వణుకు పుడుతుంది.

ఉపాసకుల వంతు

ఇది భిక్షువులకు మాత్రమే సంబంధించింది అనుకోవద్దు. కోసంబిలో భిక్షువులు రెండు వర్గాలుగా చీలి కొట్లాడుకున్నారు. బుద్ధుడు నచ్చచెప్పినా వినలేదు. ఆయన వాళ్లను విడిచి వెళ్లిపోయాడు. అప్పుడు ఊళ్లోని ఉపాసకులు ఒక మాట అనుకున్నారు: ఈ భిక్షువులకు నమస్కరించం, లేచి నిలబడం, భిక్ష వేయం. ఎవరూ కేకలు వేయలేదు, రాళ్లు రువ్వలేదు. కొట్లాడుకున్న భిక్షువులు తామే బయల్దేరి శ్రావస్తికి, భగవానుని దగ్గరికి వెళ్లి రాజీపడ్డారు. అంటే కాషాయం కట్టినవాళ్లు తప్పు చేసినా సరే, ‘వద్దు’ అనే హక్కు గృహస్థుడికి ఉంది.

బర్మా వీధుల్లో

ఈ ఆచారం పుస్తకాల్లోనే ఆగిపోలేదు. బర్మా భాషలో సమ్మెకు వాడే మాటకు అసలు అర్థం పాత్ర బోర్లించడమే. 1990 ఆగస్టు 8న మాండలేలో సైనికులు భిక్షువుల మీద, విద్యార్థుల మీద కాల్పులు జరిపారు. భిక్షువులు సైన్యానికి, వాళ్ల కుటుంబాలకు పాత్ర బోర్లించారు.

2007 ఆగస్టులో సైనిక ప్రభుత్వం ఇంధనం ధరలు ఒక్కసారిగా పెంచింది. నిరసన తెలిపిన భిక్షువులను సెప్టెంబరు 5న పకొక్కులో సైనికులు కొట్టారు. 17వ తేదీలోగా క్షమాపణ చెప్పాలని భిక్షువులు గడువు పెట్టారు. క్షమాపణ రాలేదు. 18 నుంచి వేల మంది భిక్షువులు మెత్త సుత్తం పఠిస్తూ వీధుల్లో నడిచారు. విహారాలకు దానాలిస్తూ ఫొటోలు దిగే జనరళ్లకు, వాళ్ల దానమే అక్కర్లేదని చెప్పడం కన్నా పెద్ద అవమానం ఉంటుందా?

నిజం దాచకూడదు. సెప్టెంబరు 26 నుంచి సైన్యం విరుచుకుపడింది, విహారాల మీద దాడులు చేసింది. ప్రభుత్వం అప్పుడు కూలలేదు. ఆ తర్వాతి ఏళ్లలో అదే దేశంలో కొందరు భిక్షువులు ముస్లింల మీద ద్వేషం బోధించారు, వాళ్ల కొట్లలో సరుకు కొనొద్దన్నారు. పాత్ర బోర్లించడం ఒక సాధనం. అందులోంచి మైత్రి తీసేస్తే అది మళ్లీ వెలే అవుతుంది.

బాబాసాహెబ్ చూపిన గీత

వెలి అంటే ఏమిటో బాబాసాహెబ్‌కు బాగా తెలుసు. రౌండ్ టేబుల్ సమావేశానికి ఆయన, రెట్టమలై శ్రీనివాసన్ కలిసి ఇచ్చిన రక్షణల పత్రంలో సాంఘిక బహిష్కరణను నేరంగా ప్రకటించాలని అడిగారు. ఆ నిబంధనలను 1922 నాటి బర్మా బహిష్కరణ నిరోధక చట్టం నుంచే తీసుకున్నారు. చుండూరులో 1991 ఆగస్టు 6 హత్యాకాండకు ముందు నడిచింది కూడా ఈ వెలే. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణతో సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడమూ, విధిస్తామని బెదిరించడమూ శిక్షార్హమైన నేరాలయ్యాయి. ఈ సంగతి ప్రతి వాడలో తెలియాలి.

అదే బాబాసాహెబ్ 1927 మార్చిలో మహాడ్‌లో చచ్చిన పశువుల మాంసం మానమన్నారు, ఎంగిలి మెతుకులు ముట్టొద్దన్నారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో సగం దాకా ‘చేయను, నమ్మను, ఒప్పుకోను’ అనేవే. 1985లో కారంచేడు బాధితులు చీరాలలో శిబిరం వేసుకుని, ఆ ఊరికి తిరిగి పోమన్నారు. ఇవన్నీ మన పాత్రను మనం బోర్లించిన సందర్భాలే.

తేడా ఎక్కడుంది?

ఒకటి: వెలి వేసేవాడు ఎదుటివాడి కూడు లాక్కుంటాడు. పాత్ర బోర్లించినవాడు తన కూడు తాను వదులుకుంటాడు.

రెండు: వెలి కులపెద్దల అరుగు మీద, మన మాట వినకుండానే తీర్మానం అవుతుంది. పాత్ర బోర్లించడానికి వినయంలో ఎనిమిది కారణాలు చెప్పారు. సంఘానికి కీడు తలపెట్టడం, భిక్షువులకు నిలువ నీడ లేకుండా చేయడం, వాళ్ల మధ్య చీలిక తేవడం వంటివి అవి. సంఘం కూడి, ప్రకటించి మరీ చేయాలి.

మూడు: వెలి మనిషిని పుట్టుకతో కొడుతుంది, దానికి గడువు లేదు. బోర్లించిన పాత్ర తప్పును మాత్రమే కాదంటుంది. తప్పు దిద్దుకున్న రోజున మళ్లీ నిలబడుతుంది.

మన ఇంట్లో, మన వాడలో

పెళ్లికి పురోహితుణ్ణి పిలవకపోవడం, ముహూర్తం అడగకపోవడం, ఊరి చావులకు వెట్టిగా డప్పు కొట్టకపోవడం మన చేతిలో ఉన్న మౌన తిరస్కారాలు. గొడవ పడనక్కర్లేదు. నెమ్మదిగా ‘మేం చేయం’ అంటే చాలు.

కానీ రెండు జాగ్రత్తలు. మనం ‘వద్దు’ అన్న రోజున ఎవరి పొయ్యి ఆరిపోతుందో ముందే చూడండి. డప్పు కొట్టి నాలుగు డబ్బులు తెచ్చుకునే అన్నను సిగ్గుపరచడం ధమ్మం కాదు. అతనికి మరో పని దొరికేదాకా వాడంతా తోడు నిలవాలి. అలాగే ఇంకా దీక్ష తీసుకోని తమ్ముడి ఇంట్లో దేవుడి పటం ఉందని అతని గడప తొక్కడం మానేయకండి. మనకు వేసిన వెలిని మన తోబుట్టువుకు వేస్తే, బుద్ధుని దగ్గరికి వచ్చి మనం నేర్చుకున్నది ఏముంది?

వచ్చే ఆదివారం వందన తర్వాత వీటిని చర్చించండి:

1. మన వాడ ఇంకా దేనికి చెయ్యి చాస్తోంది? అందులో దేనికి ‘వద్దు’ అనగలం?

2. అలా అంటే నష్టపోయే కుటుంబాలు ఏవి? వాళ్లకు మనం ఏం ఏర్పాటు చేయగలం?

3. ఎదుటివాళ్లు తప్పు దిద్దుకుని వస్తే, పాత్రను మళ్లీ నిలబెట్టే మనసు మనకుందా?

భవతు సబ్బ మంగళం. జై భీమ్.