బొటనవేలు కదిలితేనే డోసు తేలేది

కుర్చీలో పేషెంటు. తలకు ఎడమవైపు ఎనిమిది అంకె ఆకారంలో కాయిల్. టెక్నీషియన్ చూపు మాత్రం పేషెంటు కుడిచేతి బొటనవేలి మీదే. టక్కుమని చప్పుడు, వేలు చిటుక్కున కదిలింది. బలం తగ్గించి మళ్లీ చూస్తారు. పదిసార్లలో ఐదుసార్లు వేలు కదిలే కనీస బలాన్ని బట్టి ఆ మనిషికి డోసు లెక్కకడతారు. మాత్ర లేని వైద్యానికీ డోసుంది మరి!

కాయిల్‌తో అయస్కాంత పల్స్‌లు ఇచ్చి మెదడును ప్రేరేపించే ఈ పద్ధతిని టీఎంఎస్ (ట్రాన్స్‌క్రేనియల్ మాగ్నెటిక్ స్టిమ్యులేషన్) అంటారు. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ బృందం చేసి చూపింది. డిప్రెషన్‌కు అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది 2008లో. ఇప్పుడు దృష్టి నిద్రలేమి మీదా పడింది. నిద్ర పట్టకపోవడం, పట్టినా నిలవకపోవడం వారానికి మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు సాగితే అది దీర్ఘకాలికమే. ఒళ్లు అలిసినా మెదడు కాపలా దిగదు. సెకనుకు ఒక్క పల్స్ చొప్పున ఇస్తే మెదడులోని ఆ ఉద్రేకం తగ్గుతుందని పరిశోధకుల ఆలోచన.

ఆశ మంచిదేగానీ తొందరపడొద్దు. నిద్రలేమికి మొదటి చికిత్సగా 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ చెప్పింది సీబీటీ-ఐని (నిద్రలేమికిచ్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ). పడక వేళల్నీ, నిద్ర రాదేమోనన్న భయాన్నీ సరిదిద్దే వైద్యమది. నిద్ర విషయంలో కాయిల్‌కు ఆధారాలు ఇంకా పోగవుతున్నాయి. అందుకే ఈ రంగంలో పనిచేయాలనుకునే విద్యార్థులు వారంలో టీఎంఎస్ ఆపరేటర్‌ని చేస్తామనే సర్టిఫికెట్లకు డబ్బు కట్టకండి. ముందు ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల నమోదు), నిద్ర పరీక్షలు చేయడం నేర్చుకోండి. అవి వస్తే ఏ మిషన్ దగ్గరైనా నిలబడగలరు.

ఈ పరీక్షలు నేర్చుకోవడానికి బైపీసీ వాళ్లకు దారి న్యూరోఫిజియాలజీ టెక్నాలజీ. బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థల్లో ఈ రంగంలో కోర్సులున్నాయి. అర్హతలు నోటిఫికేషన్‌లో చూసుకోండి. పని ఎలా ఉంటుందంటే, ముక్కు మొదలు నుంచి తల వెనక ఎముక దాకా టేపుతో కొలిచి, పది, ఇరవై శాతాల దగ్గర గుర్తులు పెట్టి ఎలక్ట్రోడ్లు అతికించాలి. తలకు కొబ్బరినూనె ఉంటే అవి నిలవవు. తలస్నానం చేసి రమ్మని ముందే చెప్పకపోతే రాత్రంతా తిప్పలే. రికార్డయిన నిద్రను 30 సెకన్లకో పేజీగా చదువుతారు. ఎనిమిది గంటలకు 960 పేజీలు. పేషెంట్లు పడుకుంటారు, మీరు మేలుకుంటారు. రాత్రి డ్యూటీ పడనివాళ్లు ఇది ముందే ఆలోచించుకోవాలి.

ఎంపీసీ వాళ్లకు బయోమెడికల్ ఇంజినీరింగ్ ఉంది. ఉస్మానియాలో బ్రాంచి ఉంది, గేట్‌లో ప్రత్యేక పేపరూ ఉంది. సైకాలజీ చదివినవాళ్లు క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చికిత్స ఎవరికివ్వాలో నిర్ణయించేది డాక్టరే. అయినా కాయిల్ పెట్టేముందు తలలో లోహపు క్లిప్పులు, కాక్లియర్ ఇంప్లాంట్ ఉన్నాయా, ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా అని టెక్నీషియన్ మరోసారి అడగాలి. ఇంటర్వ్యూలోనూ ఈ ప్రశ్న రావచ్చు.

ఈలోగా రెండు వారాలు మీ నిద్ర డైరీ మీరే రాయండి. పక్కెక్కిన వేళ, నిద్ర పట్టిన వేళ, మధ్యలో మెలకువలు, లేచిన వేళ రాస్తే చాలు. సీబీటీ-ఐ మొదలుపెట్టేటప్పుడు పేషెంటు చేత రాయించేది ఆ కాగితమే.