మన్యమున గ్రామసభ

విజయవాడ వన్ టౌన్ బజారులో చింతపండు, తేనె కొనునపుడు వాటిని సేకరించు గిరిజనుల ఊరిపాలన ఎట్టిదో మనము తలచుట అరుదు. ఆ పాలనకు ఆధారమైన శాసనమును పంచాయతీ సభ్యులకు ఇచట వివరింపదలచితిమి.

73వ రాజ్యాంగ సవరణ 1993లో అమలునకు వచ్చినను, అయిదవ షెడ్యూలు ప్రాంతములకు నేరుగా వర్తింపలేదు. దిలీప్ సింగ్ భూరియా సంఘపు సిఫారసులపై పార్లమెంటు 1996లో వాటికై ప్రత్యేక చట్టము చేసినది. అదియే పెసా చట్టము. మన రాష్ట్రము 1998లో పంచాయతీరాజ్ చట్టమును తదనుగుణముగా సవరించి, 2011లో నియమావళిని వెలువరించినది.

ఈ చట్టమున ఊరనగా ఆచారసంప్రదాయములతో తమ వ్యవహారములు తామే నడుపుకొను సముదాయపు ఆవాసము. కావున ఒక్క గూడెమైనను గ్రామసభ కావచ్చును. భూసేకరణకు ముందు గ్రామసభనుగాని, తగిన స్థాయి పంచాయతీనిగాని సంప్రదింపవలెను. చిన్నతరహా అటవీ ఫలసాయముపై హక్కు, సంతల నిర్వహణ, వడ్డీవ్యాపారముపై అదుపు, బడి, ఆసుపత్రి వంటి సేవాసంస్థలపై అజమాయిషీ గ్రామసభకును, తగిన స్థాయి పంచాయతీలకును చెందును.

అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. పంచాయతీ తాను ఖర్చుచేసిన నిధుల వినియోగమునకు గ్రామసభనుండి ధ్రువీకరణ పొందితీరవలెను. బావి త్రవ్వబడినదో లేదో ఆ నీరు త్రాగువారికంటె ఎరిగినవారెవరు? అయితే జనము కూడక, సంతకములే కూడినచో ఈ హక్కు కాగితముపైననే నిలుచును.

డెల్టా గ్రామములకు ఈ చట్టము వర్తింపదు. అయినను సభ్యులారా, బిల్లు చెల్లించుటకు ముందే పనుల లెక్కను గ్రామసభలో చదివి వినిపించుటకు మనకు అడ్డేమున్నది?