మిద్దె మీద కూరగాయలు

కర్నూలు పక్కనే కల్లూరు. ఒకప్పుడు అది వేరే ఊరు. ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. దగ్గరలోనే హంద్రీ నది. నది అన్న పేరు దానికి వానాకాలంలోనే సరిపోతుంది. ఎండాకాలం వచ్చేసరికి అందులో నీళ్ళకంటే ఇసుకే ఎక్కువ.

కల్లూరులో ఒక ఇల్లు ఉందనుకోండి. పాత మట్టి మిద్దె. ఇంట్లో అయిదుగురు. అత్త, కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు. ఇంటి వెనక రెండు సెంట్ల దొడ్డి. కొడుకు బేల్దారి పనికి పోతాడు. పని ఉన్న దినం కూలి ఉంటుంది. లేని దినం ఉండదు.

చలికాలంలో ఈ ఇంట్లో కూరకు కొదవ లేదు. దొడ్లో వంకాయలు, మటిక్కాయలు కాస్తాయి. అంగట్లో కూడా అన్నీ అగ్గువే. ఉగాది దాటితే కథ మారుతుంది. దొడ్డి ఎండుతుంది. అంగట్లో ధర పెరుగుతుంది. పిల్లలు ఎర్రకారం నంజుకుని జొన్నరొట్టె తింటారు.

ఒకనాడు కోడలు అడిగింది.

"అత్తా, సంక్రాంతికి టమోటాలు బర్రెకు ఏస్తిమి. ఇప్పుడు పిల్లోళ్ళకు చారు పెట్టనీక ఒక్క టమోటా లేదు. ఇదేం లెక్క?"

"లెక్క నాకేం తెలుసమ్మీ" అంది అత్త. "మా అమ్మ కాలంలో కూరకు అంగడికి ఎవురు పోయిరి? కుండల నిండా ఒరుగులు ఉంటుండె. అవి అయిపోయేలోపల మళ్ళా వాన వస్తుండె."

కోడలి లెక్క ఆ ఒక్క ఇంటిది కాదు. 2023 జులైలో మన రాష్ట్రంలో టమోటా కిలో నూరు రూపాయలు దాటింది. ప్రభుత్వం రైతుబజార్లలో తక్కువ ధరకు అమ్మించవలసి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరుకు ధర పది రూపాయల లోపుకు పడింది. పత్తికొండ మార్కెట్టుకు తెచ్చిన రైతులు కిరాయి కూడా రాక కాయలను పారబోశారు. రెండు నెలల తేడా, అంతే. కొనేవాళ్ళు ఒకసారి ఏడ్చారు. పండించినవాళ్ళు ఒకసారి ఏడ్చారు. పచ్చి టమోటా నాలుగు దినాలకంటే ఆగదు. అందుకే ఈ కష్టం.

నీళ్ళు ఎక్కడివి?

దొడ్డి పెట్టాలంటే ముందు నీళ్ళ సంగతి చూడాలి. "తాగనీకే కొళాయి నీళ్ళు చాలవు, చెట్లకు యాడ నుంచి తెచ్చేది?" అని చాలామంది అంటారు. కానీ అయిదుగురు ఉన్న ఇంట్లో రోజూ స్నానం చేస్తారు. గిన్నెలు తోముతారు. బియ్యం కడుగుతారు. ఈ నీళ్ళు పది బిందెలకు తగ్గవు. అవన్నీ వీధిలోకి పోయి దోమలను పెంచుతున్నాయి.

జాలాడి నుంచి దొడ్డిలోకి చిన్న కాలువ తీయాలి. కాలువ చివర గుంత తవ్వి కంకర, దాని మీద ఇసుక పోయాలి. గుంత పక్కన అరటి, మునగ నాటాలి. కొంచెం దూరంలో సొర, బీర పాదులు పెట్టాలి. బియ్యం కడిగిన నీళ్ళు ఆకుకూరలకు పోయవచ్చు. బట్టలు ఉతికిన సోడా నీళ్ళు మాత్రం ఆకుకూరలకు పోయకూడదు. ఆ నీళ్ళు ఎక్కువయితే నేల కూడా చెడుతుంది.

ఇంకో పాత ఉపాయం ఉంది. అత్తకు తెలిసినదే. పగలని పాత మట్టికుండను మొక్క పక్కన మెడ దాకా పాతాలి. నీళ్ళు నింపి మూత పెట్టాలి. కుండ చెమర్చినట్లు కొంచెం కొంచెంగా నీళ్ళు వేరుకు అందుతాయి. పైన పోస్తే ఎండకు సగం ఆవిరి అవుతుంది. కుండలో పోస్తే ఆ నష్టం చాలా తగ్గుతుంది. మొక్క మొదట్లో చెనిక్కాయ పొట్టు, ఎండుగడ్డి పరిస్తే నేల చల్లగా ఉంటుంది.

మృగశిర కార్తెలో వాన పడగానే బెండ, మటిక, బీర, కాకర, పుంటికూర విత్తాలి. బెండ నెలన్నరకు కాపు మొదలుపెడుతుంది. వాన వెనకపట్టు పట్టినాక టమోటా, వంగ, మిరప నారు నాటుకోవాలి. వాటితోనే చిక్కుడు తీగ. ప్రతి రకంలో మంచి కాయ ఒకటి రెండు కోయకుండా విత్తనానికి వదలాలి. కొన్న హైబ్రిడ్ విత్తనం నుంచి తీసిన గింజకు అదే కాపు రాదు. నాటు రకాలకే ఈ పద్ధతి పనికివస్తుంది.

మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, పండ్లు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే అయిదుగురికి రోజుకు రెండు కిలోలు. రెండు సెంట్ల దొడ్డి ఏడాది పొడుగునా అంత ఇవ్వలేదు. ఇచ్చిన నెలల్లో మిగిలినదాన్ని దాచుకోవాలి.

నీళ్ళు తీసేస్తే నిలుస్తుంది

నూరు గ్రాముల టమోటాలో దాదాపు 94 గ్రాములు నీళ్ళే. బెండకాయలో 90 దాకా. మటిక్కాయలో 80కి పైనే. కాయను కుళ్ళబెట్టే సూక్ష్మజీవులకు, బూజుకు ఈ నీళ్ళే ప్రాణం. నీళ్ళు తీసేస్తే అవి పెరగలేవు. ఒరుగు చేయడంలో కిటుకు ఇంతే. ఉప్పు కూడా అదే పని చేస్తుంది, కాయలోని నీళ్ళను బయటికి లాగుతుంది.

మనకు ఇందులో ఒక అదృష్టం ఉంది. మాఘం, ఫాల్గుణంలో కూరగాయలు అగ్గువగా ఉంటాయి. అప్పటికే ఎండ ముదురుతుంది. గాలిలో తేమ ఉండదు. పండే కాలం, ఎండే కాలం పక్కపక్కనే వస్తాయి. కోస్తా జిల్లాల్లో గాలిలో తేమ ఎక్కువ. అక్కడ ఒరుగు ఎండడానికి ఇంతకంటే ఎక్కువ దినాలు పడుతుంది. నలభై డిగ్రీలు దాటే మన ఎండను అందరూ తిట్టుకుంటారు. ఒరుగులకు మాత్రం అది ఖర్చులేని పొయ్యి.

అత్త, కోడలు మొదట మటిక్కాయలు పట్టారు. లేతవి ఏరి, కడిగి, ఈనె తీశారు. అత్త అట్లే మిద్దె ఎక్కించబోయింది. కోడలు ఆపింది.

"అత్తా, మసిలే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు ముంచి తీద్దాము. రంగు పోదంట, రుచి నిలుస్తాదంట. పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో ఉంటే కానీయి" అంది అత్త. ఆ మాటలో కొంచెం ఎగతాళి ఉంది. నెల తరువాత పాత్ర తెరిచి చూసినప్పుడు ఆ ఎగతాళి పోయింది.

మటిక, చిక్కుడు వంటి గట్టి కాయలకు ఈ వేడినీళ్ళ ముంపు మంచిది. బెండకాయకు వద్దు, జిగట వస్తుంది. బెండను, కాకరను చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి ఎండబెట్టాలి. వంకాయను కోసిన వెంటనే ఉప్పు నీళ్ళలో వేయాలి, లేకుంటే నల్లబడుతుంది. బుడంకాయలు దొరికితే వదలకూడదు. ఆ ఒరుగు నూనెలో వేయించి జొన్నరొట్టెతో తింటే ఇంకో కూర అడగరు.

టమోటాలను అంగుళంలో పావు మందాన కోయాలి. కోసిన వైపు పైకి పెట్టి ఉప్పు చల్లాలి. మొదటి దినం నీళ్ళు కారుతాయి. రెండో దినం తిప్పాలి. మూడు నాలుగు దినాలకు తోలు మాదిరి అవుతాయి. ఇంకా ఎండనిచ్చి, వంచితే విరిగేటప్పుడు తీయాలి. పది కిలోల పండ్లకు వచ్చే ఒరుగు కిలోకు చాలా తక్కువే.

మిద్దె మట్టి మీద నేరుగా పోయకూడదు. శుభ్రమైన చాప, దాని మీద పాత తెల్లగుడ్డ పరచాలి. పైన పలచని గుడ్డ కప్పాలి. ఈగలు, దుమ్ము, కాకులు దూరంగా ఉంటాయి. పొద్దు గూకేలోపల కిందికి దించాలి. రాత్రి మంచుకు ఒరుగు మళ్ళీ తేమ పడుతుంది.

ఎండిందో లేదో ఎట్ల తెలుస్తుంది? మటిక ఒరుగు వంచితే టక్కున విరగాలి. సాగితే ఇంకో దినం ఎండాలి. వేడి మీద డబ్బాలో పోసి మూత పెట్టకూడదు. చల్లారనివ్వాలి. మొదట గాజు సీసాలో పోసి వారం చూడాలి. సీసా లోపల చెమ్మ కనిపిస్తే మళ్ళీ మిద్దె ఎక్కించాలి.

ఆకుల సంగతి వేరే. మునగాకు, కరివేపాకు ఎండలో పోస్తే ఆకులోని విటమిన్ ఎ చెడుతుంది. నీడలో, గాలి తగిలే చోట ఆరబెట్టాలి. పొడి చేసి పప్పులో ఒక చెంచా వేస్తే పిల్లలు గుర్తుపట్టరు. ఎంత జాగ్రత్తగా ఎండబెట్టినా విటమిన్ సి చాలావరకు పోతుంది. ఇనుము, పీచు మిగులుతాయి. అందుకే ఒరుగుల కూర తినేటప్పుడు నిమ్మకాయ పిండుకోవడం మంచిది.

ఒక జాడీ పోయింది

ఆ ఏడాది టమోటా ఊరగాయ కూడా పెట్టారు. కిలో పండ్లకు నూరు గ్రాముల ఉప్పు పడాలి. "ఉప్పు ఎక్కువయితే పిల్లోళ్ళు తినరు" అని అత్త సగమే వేసింది. తడి గరిటె పెట్టిందెవరో తెలియదు. ఆషాఢంలో జాడీ మూత తీస్తే పైన తెల్లటి బూజు.

"పైన తీసేస్తే కింద బాగుంటాది" అంది అత్త. గరిటె తెచ్చింది.

"వద్దు అత్తా. కంటికి కనిపించేది కొంచెమే. దాని వేర్లు లోపలికి దిగింటాయి. కొన్ని బూజుల్లో విషం ఉంటాది. పిల్లోళ్ళు తింటే?"

"నాలుగు కిలోల పండ్లు, నూనె, కారం... పారబోసేదా?"

ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకోలేదు. కూలి లేని నెలలో ఒక జాడీ ఊరగాయ చిన్న సంగతి కాదు. చివరకు అత్తే జాడీ ఎత్తుకుని పోయి గుంతలో పోసి మన్ను కప్పింది. మరుసటి ఏడు ఉప్పు ఆమే తూచి వేసింది.

ఊరగాయకు జాడీ గానీ గాజు సీసా గానీ వాడాలి. పులుపు, ఉప్పు కలిస్తే రాగి, అల్యూమినియం పాత్రలను తింటాయి. ఆ లోహం ఊరగాయలో కలుస్తుంది. ముక్కల మీద నూనె తేలాలి. గరిటె పొడిగా ఉండాలి. జాడీ మీద పెట్టిన తేదీ రాసి అతికించాలి.

ఇంకొక హెచ్చరిక ఉంది. పులుపు లేని కూరగాయలను ఉడకబెట్టి సీసాలో గాలి పోకుండా మూసి దాచకూడదు. అందులో ప్రాణం తీసే విషం పుట్టవచ్చు. వాసన, రంగు మారకుండానే పుట్టవచ్చు. చలి దేశాల్లో అట్ల దాచేవాళ్ళకు ప్రత్యేకమైన ప్రెషర్ పాత్రలు, పరీక్షించిన లెక్కలు ఉన్నాయి. మన ఇండ్లకు ఎండ, ఉప్పు, పులుపు చాలు.

కుండలో కుండ

ఒరుగు వేరు, పచ్చి కాయ వేరు. పచ్చి కాయను నాలుగు దినాలు ఎక్కువ నిలపడానికి ఫ్రిజ్ లేని ఇంట్లో కూడా దారి ఉంది. ఆఫ్రికా ఖండంలో నైజీరియా అనే దేశం ఉంది. దాని ఉత్తర భాగం మన సీమ మాదిరే ఎండిన నేల. అక్కడ మహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు 1990లలో ఒక పాత పద్ధతిని మళ్ళీ వాడుకలోకి తెచ్చాడు. పెద్ద మట్టికుండలో చిన్న మట్టికుండ పెట్టాలి. రెంటి మధ్య ఇసుక పోసి తడపాలి. చిన్న కుండలో కూరగాయలు పెట్టి తడిగుడ్డ కప్పాలి. ఇసుకలోని తడి బయటి గాలికి ఆరేటప్పుడు లోపలి వేడిని తీసుకుపోతుంది. కడవలో నీళ్ళు చల్లబడేది కూడా ఇట్లే. మూడు దినాలు ఆగే వంకాయలు అందులో 27 దినాలు ఆగాయని ఆయన చూపించాడు. గాలి పొడిగా ఉంటేనే ఇది బాగా పనిచేస్తుంది. శ్రావణంలో ముసురు పట్టినప్పుడు అంత పనిచేయదు.

కొరియా దేశంలో కష్టం ఇంకో రకం. వాళ్ళకు మంచుకాలంలో నేల గడ్డకడుతుంది, ఏదీ మొలవదు. అందుకని చలి ముదరకముందే ఇంటిల్లిపాది, ఇరుగుపొరుగు కూర్చుని క్యాబేజీని ఉప్పు, కారం, తెల్లగడ్డతో ఊరబెడతారు. దాన్ని కిమ్చి అంటారు. వెనుకట జాడీలను మట్టిలో పాతేవాళ్ళు. మన వైపు కూడా ఆదోని దిక్కు నుంచి గుంటూరు దిక్కుకు సుగ్గికి పోయే కుటుంబాలు జొన్నపిండితో బాటు ఊరగాయ, ఎండుకారం మూట కట్టుకుని పోతాయి. ఒకరికి మంచు, ఒకరికి వలస.

కోడలి నోటుబుక్కు

కోడలు ఇప్పుడు ఒక నోటుబుక్కు పెట్టుకుంది. అక్షరాలు కొంచెం వంకర. లెక్క మాత్రం సరిగ్గా ఉంటుంది. మాఘమాసం పుటలో ఇట్ల రాసుకుంది:

టమోటా కొన్నది 10 కిలోలు. కిలో 6 రూపాయలు.
ఉప్పు 10 రూపాయలు.
ఒరుగు వచ్చింది 600 గ్రాములు.
కాకి ఎత్తుకుపోయింది కొంచెం.

వైశాఖం పుటలో:

అంగట్లో టమోటా కిలో 40 రూపాయలు. కొనలేదు.
ఒరుగు వాడింది వారానికి 75 గ్రాములు.

కోడలు వేసిన లెక్కలు మీరు కూడా వేయండి. 10 కిలోలకు, ఉప్పుకు కలిపి ఆమె ఎంత ఖర్చు పెట్టింది? అవే 10 కిలోలు వైశాఖంలో కొంటే ఎంత అయ్యేది? 600 గ్రాముల ఒరుగు ఎన్ని వారాలు వచ్చింది?