అనుకోకుండా దొరికిన చరిత్ర

జాలరిపేట నుంచి భీమిలి దారిలో మంగమారిపేట దగ్గర తొట్లకొండ ఉంది. నౌకాదళం స్థావరం కోసం సర్వే చేస్తుండగా అక్కడి బౌద్ధారామం అనుకోకుండా బయటపడింది. 1988–93లో పురావస్తు శాఖ తవ్వగా శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయి. అవి ఆ కొండమీదే దొరికాయి గనుక మన తీరానికి నాడే విదేశీ వ్యాపారంతో సంబంధం ఉందని తెలిసింది.

ఇంగ్లండులోని సఫోక్‌లో 1992లో ఒకాయన పొలంలో పోయిన సుత్తిని వెతుకుతుంటే రోమన్ల కాలంనాటి నిధి కనబడింది. అంతా తానే తవ్వకుండా అధికారులకు చెప్పాడు. అందుకే వస్తువులను ఎలా సర్ది దాచారో కూడా తెలిసింది.

మన దేశంలో 1878 నాటి చట్టం ప్రకారం 10 రూపాయల విలువ మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. మిత్రులారా! పాత నాణెం దొరికితే తోమకండి, అమ్మకండి. దొరికిన చోటు గుర్తుపెట్టుకోండి. చోటు తెలియకపోతే సగం చరిత్ర పోయినట్లే.